నాలుగో నంబరు చీటి

గిర్మాజీపేటల మా బైండింగు దుకానం.
తలుపు తీస్తె ముందుగాల ఉడికిన మైదా వాసన,
దాని ఎనుక మైలుతుత్తం.
పురుగు పట్టకుంట కలుపుతం.
యుద్ధం పుస్తకాలకు ఇంకో చిటికెడు ఎక్కువనే.
ఎందుకో, చెదలకు అవ్వంటేనే పానం.

ముప్పై ఏండ్లాయె కుట్టవట్టి.
లైబ్రరీ నుంచి గోనెసంచులల్ల వస్తయి
కోట ముట్టడి చరిత్రలు, రజాకార్ల కాలం యాదులు,
అట్ట మీద రివాల్వరు పొగలు కక్కే డిటెక్టివ్ నవలలు.
ఏది యాడ చినుగుతదో చదవకుంటనే చెప్త.
నవలైతె మొదటి కాల్పు కాడ.
చరిత్రయితె ఫిరంగి బొమ్మ కాడ,
పోరగాండ్లు బ్లేడుతోని కోసుకపోతరు.
సచ్చినోళ్ల లెక్క ఉన్న పేజీ మాత్రం
ఎప్పుడు జూసినా కొత్తనోటు తీరు ఫెళఫెళ.
ఒక్క వేలు తగిలిన జాడ ఉండది.

నవలల తుపాకి ఢాం అంటది.
చరిత్రల తుపాకి ఆ మాట గూడ అనది.
"అణచివేయబడెను" అంటది.
ఎవరు, ఎవరిని?
కుట్టు విప్పి ఫారం ఫారం వేరు జేసి చూసిన,
ఆ రెండు మాటలు యాడ రాలిపడ్డయో.

మొన్న వానకాలం బుర్ర స్వరూప అని ఒకామె వచ్చింది,
రేగొండ అవుతలి నుంచి.
యూరియా సంచిల చుట్టిన పుస్తకం.
కోర్టు మాల్‌ఖానల పంతొమ్మిదేండ్లు పడున్నదట.
దారంతోని కట్టిన అట్టచీటి, నంబరు నాలుగు.
ఒకటి, భర్మారు తుపాకి.
రెండు, మందు డబ్బి.
మూడు, టార్చిలైటు.
కేసు కొట్టేసిండ్రు. వినడానికి నాయిన లేడు.
తుపాకి ఇయ్యలే, డబ్బి ఇయ్యలే,
టార్చిలైటు ఎవల ఇంట్ల ఎలుగుతున్నదో.
పుస్తకం మాత్రం మూడు సంతకాలు తీస్కొని చేతుల వెట్టిండ్రు.

తుపాకుల పుట్టుక నుంచి మిషన్‌గన్ దాక, బొమ్మలతోని.
జాతరల పాతపుస్తకాల కుప్పల కొన్నడట ఐలోని గౌడు,
అడివిపందులు మక్కచేను ఆగం జేస్తున్నయని.
"పందుల సంగతి అండ్ల ఒక్క ముక్క లేదు,
అయినా రోజు చదివేటోడు" అన్నది స్వరూప.

విప్పుతాంటె అంచుల పొంట పెన్సిలు రాత.
అచ్చుల "దీని గురి నూట ఇరువై గజములు" అని ఉంటె
పక్కన: మన బాయి నుంచి పోతుతాడు దాక.
దాని కింద: పోతుతాడు, ఇయ్యాల రెండు లొట్లు.
మోకు అరిగింది, కొత్తది నేయాలె.
దూరం మాట కిందనే ఎర్రసిరా గీత.
గీత గీసినాయన లొట్ల దాక దిగలే.

"కోత పెట్టకు అన్నా" అన్నది.
బైండింగంటె మూడు దిక్కుల కోతనే కద,
అంచు సమం గాకుంటె అది పుస్తకమే గాదనేటోడు మా ఉస్తాదు.
మిషను మీద బట్ట కప్పిన.
దబ్బనం తోని పాత చిల్లులల్లనే కుట్టిన,
కొత్తది ఒక్కటి పొడవకుంట.
ఎగుడుదిగుడుగ వచ్చింది, పంటికోతల తీరు.

ఎనభై రూపాయలు.
చీటి తెంపి పారేద్దునా అని కత్తెర తీసిన.
"ఉండనియ్యి, గుర్తుకు పనికొస్తది."
మిషన్‌గన్ పేజీ తెరిచి అండ్ల వెట్టింది.
"నిమిషమునకు ఆరువందల గుండ్లు."
పక్కన నాయిన రాత, పెన్సిలు గట్టిగ ఒత్తి
కాయితం కొంచెం లోపలికి వోయింది:

ఎవలు నిలవడి లెక్కవెట్టిండ్రు?